అలుకుమన్నది నేనే

ఇరవై ఏడేళ్లు ఊళ్లోవాళ్ల ఇళ్లలో మోకాళ్ల మీద నడిచాను. దేవుడికి మొక్కుకొని కాదు, ఉద్యోగమే అది. చెక్క నేలలు చూసుకోవడం నా వృత్తి. ఈ మాట చెప్పగానే ముంబైలోని మా కామాటిపురాలో సగం మంది ‘ఇళ్లల్ల పోచా కొడతదట’, అంటే తడిగుడ్డ పెడుతుందట, అని తేల్చేస్తారు. మిగతా సగం మంది ‘బీఏ చదివి పోచా కొడతదట’ అని తేల్చేస్తారు. రెండు పక్షాలతోనూ వాదించి వాదించి నా గొంతు గరుకైంది గానీ, వాళ్ల అభిప్రాయం ఇంచు కూడా నునుపెక్కలేదు.

పోయినేడు మోకాళ్లు మొరాయించాయి. యాభై ఆరేళ్లకే పని మానేశాను. ఇప్పుడు పాలమూరు వైపు నుంచి వచ్చిన ఆడవాళ్లు కొందరు ఇటుకలు మోసే పని విడిచి ఈ పనిలోకి వస్తున్నారు. వాళ్ల వెంట చదువుకున్న కూతుళ్లూ వస్తున్నారు. ‘ఆంటీ, ఇందులో నేర్చుకోవడానికి ఏముంది’ అని ఆ పిల్లలు మరాఠీలో అడుగుతారు. ఏముందో తెలుగులో రాస్తున్నాను. తెలుగు చదవడం రాని పిల్లలకు అమ్మలు చదివి వినిపించాలి. అమ్మలకూ రాకపోతే వరస గదుల మన చాల్‌లో చదివిపెట్టే వాళ్లకు కరువు లేదు, పక్కింటి ఉత్తరాలు కూడా చదివేవాళ్లున్నారు.

మొదటి నేల

బీఏ అయ్యాక ఫోరస్ రోడ్‌లో ఒక శేఠ్ దుకాణంలో ఫోను ఎత్తే పని దొరికింది. ఆయన పెద్ద ఇళ్లకు చెక్క నేలలు వేయించేవాడు, వేశాక వాటి బాగోగులు చూసే గుత్త కూడా తీసుకునేవాడు. పొగడటానికి ఎవరూ ఫోను చేయరు కాబట్టి రోజంతా తిట్లు వినడమే నా పని. ఏడాది విన్నాక నాకో సంగతి అర్థమైంది. నేలను తొక్కే కాళ్లు పెద్దగా పాడు చేయవు, తుడిచే చేతులే పాడు చేస్తాయి. ఈ మాట శేఠ్‌తో అని, కాదన్న ఆయనతో అరగంట వాదించాను. చివరికి ఆయన ‘అయితే నువ్వే వెళ్లి తుడువు’ అన్నాడు. వాదనలో గెలిచినందుకు నాకు దక్కినవి ఒక మెత్తటి చీపురు, ఒక మైనం డబ్బా.

మొదటి ఇల్లు ఒక కొత్త బిల్డింగులో పదిహేనో అంతస్తు. హాలంతా తేనె రంగు నేల. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా మైనం పట్టించి, పాత చీర ముక్కతో రుద్ది రుద్ది అద్దంలా చేశాను. ఇంటాయన ఆఫీసు నుంచి వచ్చి, బూట్లు విప్పి, సాక్సులతో లోపల అడుగు పెట్టాడు. ఆ తర్వాత ఆయన అడుగులేమీ వేయలేదు. గుమ్మం దగ్గర బయలుదేరినవాడు బ్యాగుతో సహా నిలువునా జారుకుంటూ వెళ్లి సోఫా దగ్గర ఆగాడు. అదృష్టం కొద్దీ కూర్చునే ఆగాడు. అది చెక్క కాదు, చెక్క బొమ్మ అచ్చేసిన లాదీ, అంటే టైలు. మైనం తాగే గుణం ఎక్కడుంది దానికి?

కాబట్టి పిల్లలూ, ముందు వేలి కణుపుతో నేలను తట్టండి. తర్వాత ముడుల కోసం వెతకండి. ఏ చెట్టుకూ ఒకే ముడి ప్రతి అయిదడుగులకూ రాదు. వచ్చిందంటే అది ఫ్యాక్టరీలో పెరిగిన చెట్టు.

పిండిన గుడ్డ

నాకు అసలు పని నేర్పింది శేఠ్ కాదు. నాగ్‌పాడాలో పాత బీరువాలు, మంచాలు బాగుచేసే ఇబ్రహీం చాచా. చెక్క గురించి ఏ అనుమానం వచ్చినా ఆయన కార్ఖానాకు పరిగెత్తేదాన్ని. ‘చెక్కకు దాహం వేయదు బేటీ, అది తాగాల్సిన నీళ్లన్నీ చెట్టుగా ఉన్నప్పుడే తాగేసింది’ అనేవాడు.

పని చెప్పుకుంటే చిన్నదే. ముందు పొడి చీపురుతో ఇసుక రేణువు మిగలకుండా ఊడ్చాలి. మీరు మురికి అనుకునేది మురికి కాదు, ఇసుక. చెప్పు కింద పడ్డ ఒక్క రేణువు ఉప్పు కాగితంలా గీసుకుంటూ పోతుంది. తర్వాత గుడ్డను తడిపి, ఇక చాలనిపించేదాకా పిండి, ఆ పైన ఇంకోసారి పిండాలి. పిండిన గుడ్డను పాత పేపరు మీద అదిమి చూడండి. పేపరు మీద చెమ్మ మచ్చ కనిపిస్తే మళ్లీ పిండండి. చెక్క గీతలు ఎటు పోతే చేయి అటే పోవాలి. ఫినాయిలు వద్దు, సబ్బు పొడి వద్దు. మెరుపు తగ్గిందని కొబ్బరినూనె రాయకండి. మన ఆడవాళ్లకు తలకైనా తలుపుకైనా కొబ్బరినూనే మందు. మర్నాటికి చీమల బారు వస్తుంది, వారానికి ధూళి పట్టి నేల జిడ్డు పెనంలా అవుతుంది.

ఇదంతా పదిహేను నిమిషాల్లో చెప్పేయవచ్చు. చేతికి ఎక్కించడానికి ఏళ్లు పడతాయి. ఎందుకంటే మన చేతులు ఖాళీగా రావు, వాటికి అంతకుముందే ఎవరో ఏదో నేర్పి ఉంటారు. ఈ సంగతి నాకు నేర్పింది మా అత్తమ్మ. నేర్పడం ఆమె ఉద్దేశం కాదు.

సత్తెన్న గొడుగు

మా అత్తమ్మ పేరు నర్సమ్మ. కట్టడాల దగ్గర ముప్పై ఏళ్లు ఇటుకలు, సున్నం మోసిన మనిషి. నీళ్లు పడని చోటు శుభ్రమైనట్టు కాదని ఆమె మతం. మా చాల్ పాతది, మా ఒంటిగది ఖోలీ మొదటి అంతస్తులో. నేల చెక్క పలకలదే. వాటి మీద ప్లాస్టిక్ చాప పరిచి ఉండేది. శుక్రవారం పొద్దున ఆ చాపను చుట్టి గోడకు నిలబెట్టి, అత్తమ్మ నాలుగు బాల్దీల నీళ్లు కొట్టి కడిగేది. ఎక్కువ నీళ్లు మూలనున్న మోరీలోంచి పోయేవి. మిగిలినవి పలకల సందుల్లోంచి కింది ఖోలీలోని సత్తెన్న మీద పడేవి. సత్తెన్న శుక్రవారం పొద్దున గొడుగు కింద కూర్చొని చాయ తాగేవాడు. ముంబైలో అందరికీ వానలు నాలుగు నెలలు, నాకు ఏడాది పొడవునా వారానికోసారి అని మెట్ల మీద కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు.

చెక్క మీద నీళ్లు పోయకూడదని అత్తమ్మకు చెప్పాను. ఇబ్రహీం చాచా మాటలు చెప్పాను.

“నలభై ఏండ్ల సంది పోస్తున్న,” అంది అత్తమ్మ. “ఏమైందే నా నేలకు? నీ బీఏ కంటె గట్టిగున్నది.”

నాకు జవాబు దొరకలేదు. నిజంగానే ఆ పలకలు చెక్కుచెదరలేదు. వాదనలో నేను ఓడిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో చాలావాటికి ఎదురుగా ఉన్నది అత్తమ్మే.

దీనాబాయి ఇల్లు

గ్రాంట్ రోడ్ దగ్గర ఒక పాత పార్సీ బిల్డింగులో మూడు మెట్లెక్కితే దీనాబాయి ఇల్లు. ఈ కథ జరిగేనాటికి డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఒక్కతే ఉండేది, చేతికర్రతో నడిచేది. ఆ ఇంటి టేకు నేల ఆమెకంటే పెద్దది. ‘నేను ఈ నేల మీదే పాకాను, దీని మీదే పోతాను, మధ్యలో నువ్వు పాడు చేయకు’ అని మొదటిరోజే చెప్పింది. ఆమె మెచ్చుకున్నందుకే ఆ బిల్డింగులో మిగతా ఇళ్లవాళ్లు చాలామంది మమ్మల్ని పెట్టుకున్నారు. దుకాణం నడుస్తున్నది ఆ బిల్డింగు వల్లేనని శేఠ్ నాకు వారానికోసారి గుర్తు చేసేవాడు.

ఒక ఆషాఢంలో మా చాల్ మెట్ల మీద జారి చీలమండ బెణికించుకున్నాను. దీనాబాయి నన్ను తప్ప ఎవరినీ రానివ్వదు. మా ఇంటి మనిషి అయితే సరేనంది. రెండు వారాలు అత్తమ్మను పంపాను.

పంపేముందు ఒక సాయంత్రం కూర్చోబెట్టి నేర్పాను. పొడి చీపురు, పిండిన గుడ్డ, అన్నీ చెప్పాను. ఇక చేయి ఎలా కదలాలో చెప్పాలి. గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ, ఒక చేతి వాటుకూ ఇంకో చేతి వాటుకూ సందు లేకుండా రావాలి. దీనికి శేఠ్ దగ్గర ఇంగ్లీషు మాటలున్నాయి. నేను తెలివైనదాన్ని కదా, ఆమెకు తెలిసిన మాటలోనే చెబుదామనుకున్నాను.

“అలికినట్టు చెయ్, అత్తమ్మా,” అన్నాను.

“అలుకుడు నువ్వు నేర్పుతవా నాకు?” అంది, నవ్వుతూ.

ముంబైలో పుట్టిన పిల్లలకు ఆ మాట తెలియదు కాబట్టి చెబుతున్నాను. అలకడం అంటే మట్టి నేలకు పేడ కలిపిన నీళ్లు చేత్తో పూయడం. నా మనసులో ఉన్నది చేతి కదలిక. ఆమె మనసులో ఉన్నది మొత్తం పని. ఇద్దరం ఒకే మాట విని, చెరో నేలను ఊహించుకొని, సంతోషంగా పడుకున్నాం.

మొదటి వారం దీనాబాయి కుర్చీలో కూర్చొని చూస్తుంటే అత్తమ్మ పొడిపొడిగానే తుడిచింది. అత్తమ్మ నమ్మకంలేని మొహాన్ని దీనాబాయి భక్తి అనుకుంది. రెండో వారం దీనాబాయి పూణేలో చెల్లెలి ఇంటికి వెళ్తూ తాళం చెవి ఇచ్చి వెళ్లింది. అది బోనాల ముందు శుక్రవారం. ఇంటింటా కడుగుళ్లు. నీళ్లు పడకుండా ఒక ఇల్లు పండక్కి వెళ్లిపోవడం అత్తమ్మ చూసి ఓర్చుకోలేకపోయింది.

మధ్యాహ్నానికి తిరిగొచ్చి చీర కొంగుతో మొహం తుడుచుకుంది. “గా ముసలామె ఇల్లు ఇయ్యాల ఇల్లయింది,” అంది. బాగా తుడిచిందనుకున్నాను. మెచ్చుకున్నాను. కుంటుతూ లేచి నేనే చాయ పెట్టి ఇచ్చాను. ఆ చాయ గురించి ఇప్పటికీ బాధపడుతుంటాను.

వాన మీద నేరం

సోమవారం పొద్దున దీనాబాయి ఫోను చేసింది. “విజయా, నా ఇంట్లో నేల లేచి నిలబడింది, వచ్చి చూడు,” అంది, అంతే.

నేను, అత్తమ్మ, శేఠ్ ముగ్గురం వెళ్లాం. తివాచీ ఎత్తి చూశాం. ప్రతి పలకా అంచులు లేచి, నడుము కుంగి, పెంకులు తిరగేసి పరిచినట్టుంది. దాని మీద పసుపు రంగు. దీనాబాయి కర్ర ఆ అంచుల మీద ఆనడం లేదు, జారిపోతోంది. ఆమె సొంత హాలులో గోడ పట్టుకొని నడుస్తోంది.

శేఠ్ నన్ను వరండాలోకి తీసుకెళ్లి, ‘వాన అని చెప్పు’ అన్నాడు. ముంబైలో అన్ని వృత్తులవాళ్లకూ ఆ నాలుగు నెలలు ఇదే జవాబు. నేను వద్దన్నానని రాస్తే బాగుంటుంది. అనలేదు. లోపలికి వెళ్లి, ఈ ఏడు చెమ్మ చాలా ఎక్కువ, బిల్డింగులు పాతవి, అని మంచి హిందీలో మొదలుపెట్టాను.

దీనాబాయి నన్ను చూడలేదు. అత్తమ్మను చూసి, నువ్వేం చేశావు అని అడిగింది.

అత్తమ్మ ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు నిటారుగా నిలబడింది. “హమ్ ధోయా,” అంది. “దస్ బాల్దీ. హల్దీ డాల్‌కే.”

కడిగిందట, పది బకెట్లతో, పసుపు కలిపి. శేఠ్ కళ్లు మూసుకున్నాడు. నేను హిందీ, దీనాబాయి ముందు పాటించాల్సిన మర్యాద, అన్నీ మరిచిపోయి తెలుగులో అత్తమ్మ మీద పడ్డాను.

“నువ్వే గద అలుకుమన్నవ్,” అంది అత్తమ్మ. “అలుకుడంటె నీళ్లు లేకుంటనా? పెండ యాడ దొరుకుతది ఈడ, అందుకే పసుపేసిన. నీళ్లు పోదామంటె మోరీ లేదు. ఇంత పెద్ద ఇల్లు కట్టి మోరీ పెట్టలేదు, ఎవడే ఆ మేస్త్రీ? గడప ఎత్తుగున్నది, నీళ్లన్నీ ఈన్నే తిరిగినయ్. గుడ్డలతోని తీసి, వాన లోపలికి రావద్దని కిటికీలేసి, మీదంగ జంఖానా పరిచిన. ఏం తక్కువ చేసిన?”

ఏమంటోంది అని దీనాబాయి అడిగింది.

“క్షమించమంటోంది,” అన్నాను.

“క్షమించమనే మొహం కాదే అది,” అంది దీనాబాయి.

తర్వాత ఆమె తీర్పు చెప్పింది. దీపావళి దాకా గడువు. ఆలోపు నేల మునుపటిలా అయి, ఆమె గోడ పట్టుకోకుండా హాలు దాటగలిగితే సరి. లేకపోతే శేఠ్, నేను ఆ మెట్లు ఎక్కనక్కర్లేదు, బిల్డింగులో ఏ మెట్లూ ఎక్కనక్కర్లేదు. ఇంకో షరతు కూడా పెట్టింది. నీళ్లు పోసిన మనిషి ప్రతి శుక్రవారం వచ్చి కూర్చొని, తను చేసింది చూడాలి. మెట్లు దిగుతూ శేఠ్ కూడా తన తీర్పు చెప్పాడు. ఈ బిల్డింగు పోతే నువ్వూ పోయినట్టే అన్నాడు.

ఏమీ చేయని పని

మర్నాడే గీకుడు మెషీను తెస్తానన్నాడు శేఠ్. కొత్త మెషీను కొన్న ఏడాది అది, నున్నటి నేల కనిపిస్తే ఆయనకు దిగులేసేది. ఆయనకంటే ముందు నేను నాగ్‌పాడా వెళ్లి ఇబ్రహీం చాచాను టాక్సీలో ఎక్కించుకొచ్చాను. చాచా గొంతుక్కూర్చొని పలకలను తట్టి, చెవి ఆనించి, మెషీను సంగతి విని నవ్వాడు.

“ఇప్పుడు గీకితే లేచిన అంచులు పోతాయి,” అన్నాడు. “రేపు లోపల ఆరాక కుంగిన నడుములు లేస్తాయి. మళ్లీ గీకుతారు. అట్లా గీకి గీకి మట్టిలోకి దిగుతారు.”

మరి ఎన్నాళ్లు ఆగాలని శేఠ్ అడిగాడు.

“అది చెక్కను అడగాలి,” అన్నాడు చాచా.

పిల్లలూ, ఈ వృత్తిలో అన్నిటికంటే కష్టమైనది ఏమీ చేయకుండా ఉండటం. తుడిస్తే చూస్తారు, రుద్దితే చూస్తారు. ఆగితే ఎవరూ మెచ్చరు, సోమరివి అంటారు. తివాచీ తీసేశాను. ఫ్యాను తిప్పి పెట్టాను. వాన తెరిపి ఇచ్చినప్పుడల్లా కిటికీలు తెరవమని దీనాబాయికి చెప్పాను. బయట ముంబై ఆషాఢం. ఆరేసిన రుమాలే వారానికి ఆరదు. రెండు వేళ్ల మందం టేకు ఎప్పటికి ఆరాలి?

మొదటి శుక్రవారం అత్తమ్మ ఒక నిమ్మకాయ తెచ్చింది. నేలకు దిష్టి తగిలిందని ఆమె నిర్ణయం. లేకపోతే ఇన్నేళ్ల చెక్క పది బాల్దీలకు అలుగుతుందా? హాలు నాలుగు మూలలా తిప్పి, గోడ వారన పెట్టింది. దీనాబాయి కర్రతో ఆ నిమ్మకాయను కదిలించింది. అది దొర్లుకుంటూ రెండు పలకలు దాటి మూడో పలక గుంటలో ఆగిపోయింది. దీనాబాయి కళ్లు మెరిశాయి. నా స్టీలు స్కేలు, నా కొలతలు ఆమె ఎప్పుడూ నమ్మలేదు. నిమ్మకాయను నమ్మింది. అది గోడ నుంచి వరండా గడప దాకా అడ్డంగా దొర్లిన రోజున నేల బాగైనట్టు అని ప్రకటించింది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అత్తమ్మ కొత్త నిమ్మకాయ తేవడం, ఇద్దరు ముసలివాళ్లు చెరో కుర్చీలో కూర్చొని దాన్ని దొర్లించడం. నేను వంగి వంగి తీసుకురావడం.

మధ్యలో అనువాదం నాదే. అత్తమ్మ ‘ఈమె చాయలో గడ్డి వేస్తదేంది’ అంటే, ‘చాయ వాసన చాలా బాగుంది అంటోంది’ అని చెప్పేదాన్ని. ఆ చాయలో వేసేది నిమ్మగడ్డి కాబట్టి అత్తమ్మ అన్నదీ నిజమే అనుకోండి. ‘మోరీ లేని ఇంట్ల ఎట్ల ఉంటదో’ అంటే, ‘ఇల్లు ఎంత పెద్దదో అంటోంది’ అనేదాన్ని. మూడో శుక్రవారం దీనాబాయి అడిగింది, ఆ రోజు మీ అత్త కోపంగా పదే పదే అన్న మాట ఏమిటి అని. అప్పుడు మాత్రం నిజం చెప్పాను. అలుకుడు అంటే ఏమిటో, నేను ఏమనుకొని అన్నానో, ఆమె ఏం విన్నదో చెప్పాను. తప్పులో సగం నాదని అన్నాను. దీనాబాయి ఆ మాటను నాతో రెండుసార్లు పలికించుకుంది.

“సగం కాదు,” అంది. “నేర్పినదానివి నువ్వు.”

దానితో మాత్రం వాదించలేదు.

గోడకు బొక్క

శ్రావణం గడిచింది. నిమ్మకాయ నాలుగో పలక దాటలేదు. పైన ఆరుతున్నట్టే కనిపిస్తుంది, తడితే మొద్దు శబ్దం. శేఠ్ రోజూ మెషీను పేరు ఎత్తుతున్నాడు. నేనే మెత్తబడి, సరే గీకించేద్దాం అనే దాకా వచ్చాను. ఆ మాట అత్తమ్మతోనే అన్నాను, ఒక శుక్రవారం మెట్లు ఎక్కుతూ.

అత్తమ్మ మెట్లు ఎక్కడం ఆపి, బయటి గోడ పునాది వైపు చూసింది. అటువైపు నడిచి, వంగి, అరచేత్తో గోడ తడిమింది.

“ఈడ బొక్క ఉండాలె,” అంది. “కట్టె నేల ఏసిన ఇంటికి కింద గాలికి బొక్కలు ఇడుస్తరు. ముంగట రెండు, ఎనక రెండు. ఏవి?”

బొక్కలు లేవు. వెతికితే చతురస్రంగా నాలుగు అతుకులు కనిపించాయి. ఎప్పుడో రంగులు వేయించినప్పుడు, ఎలుకలు దూరుతున్నాయని ఎవరో సిమెంటుతో మూసేశారు. పలకల కింద చిక్కిన తడి పోవడానికి దారి లేదు. నేను ఇరవై ఏళ్లుగా ఆ నేలను పైనుంచి చూస్తున్నాను, చాచా చెవి ఆనించి విన్నాడు. కిందికి వెళ్లి చూడాలని మా ఇద్దరికీ తోచలేదు. గోడలు కట్టిన మనిషికి తోచింది.

బిల్డింగు సెక్రటరీ అనుమతి కాగితం కావాలన్నాడు. అది తేవడానికి నేను లోపలికి వెళ్లి, దీనాబాయిని వెంటబెట్టుకొని వచ్చేసరికి, అత్తమ్మ ఎక్కడి నుంచో సుత్తి, ఉలి సంపాదించి రెండు బొక్కలు తెరిచేసింది. చీర కుచ్చిళ్లు దోపి, మూడోదాని ముందు కూర్చుని ఉంది. లోపలి నుంచి వచ్చిన వాసన ఇప్పటికీ గుర్తుంది, నానిన బియ్యం సంచి వాసన. సెక్రటరీ ఏదో అనబోయాడు. దీనాబాయి కర్ర నేల మీద ఒకసారి తాటించింది. నాలుగోది కూడా తెరిచాక ఇనుప జాలీలు బిగించాం, ఎలుకల కోసం.

ఆ రోజు ఇంటికి వస్తుంటే నాకు నలభై ఏళ్ల జవాబు దొరికింది. మా ఖోలీ పలకల కింద సత్తెన్న ఇల్లు ఉంది. పడ్డ నీరు సందుల్లోంచి కారిపోతుంది, కింది నుంచి రోజంతా గాలి తగులుతుంది. అందుకే అవి అత్తమ్మను తట్టుకున్నాయి. మా నేలను కాపాడింది సత్తెన్నే. ఈ సంగతి ఆయనకు చెప్పాను. ఆయనేమీ సంతోషించలేదు.

కాబట్టి రాసుకోండి. చెక్కను చంపేది పడిన నీళ్లు కాదు, పోవడానికి దారి దొరకని నీళ్లు. పది బాల్దీలు సగం చంపాయి, మూసిన కిటికీలు, పరిచిన తివాచీ, సిమెంటు మిగతా సగం. ఇంకో సంగతి కూడా రాసుకోండి. ఎవరికైనా పని నేర్పేటప్పుడు మాటతో ఆగిపోకండి. మీ ఎదుట ఒకసారి చేయించి చూడండి. నేను ఆ సాయంత్రం ఒక గుడ్డ, ఒక చెంబు నీళ్లు ఆమె చేతికిచ్చి ఉంటే అక్కడికక్కడే తెలిసిపోయేది. బదులుగా ఒక మాట ఇచ్చాను, నా తెలివికి నేనే మురిసిపోయాను.

షర్బత్

భాద్రపదంలో నిమ్మకాయ ఆరో పలక దాటింది. వానలు వెనక్కి తగ్గాయి. బతుకమ్మ నాటికి అక్టోబరు ఎండ వరండాలోంచి హాలు మధ్య దాకా వచ్చింది. ఆ ఎండకు పసుపు మచ్చ రోజు రోజుకూ వెలిసి, చివరికి ఎక్కడుండేదో చెప్పడానికి వేలితో చూపించాల్సి వచ్చింది. పసుపు ఎండకు నిలవదని అత్తమ్మకు ముందే తెలుసట. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట.

దసరా తర్వాతి శుక్రవారం శేఠ్ కూడా వచ్చాడు, దీపావళి దగ్గరపడిందని. మెషీను కింద టెంపోలో పెట్టుకొనే వచ్చాడు. అత్తమ్మ నిమ్మకాయను గోడ వారన పెట్టింది. దీనాబాయి కర్రతో మెల్లగా తోసింది. అది నాలుగో పలక దాటింది. ఆరు, ఏడు. వరండా ముందు పలక దగ్గర కొంచెం తటపటాయించింది. శేఠ్ ముందుకు వంగాడు. నిమ్మకాయ ఒక్క దొర్లు దొర్లి ఎత్తు గడపకు తగిలి ఆగింది.

దీనాబాయి లేచి, గోడ వైపు చేయి చాచకుండా, కర్ర ఊతతో హాలు దాటి నిమ్మకాయ దగ్గరికి నడిచింది. మళ్లీ వెనక్కి నడిచింది. శేఠ్ వైపు తిరిగి, పైఅంతస్తు వాళ్లింట్లో కూడా నేల చూడమంటున్నారు, విజయను పంపు, మెషీను వద్దు, అంది. శేఠ్ కిందికి వెళ్లి టెంపోను పంపించేశాడు. నేను మైనం డబ్బా తెరిచి మొదటి పూత మొదలుపెట్టాను. మూడు నెలల తర్వాత చేతికి దొరికిన పని అది.

దీనాబాయి ఆ నిమ్మకాయను వంటింట్లోకి తీసుకెళ్లి కోసింది. అత్తమ్మ మొహం చూడాలి. దిష్టి తీసిన నిమ్మకాయ తాగుతారా ఎవరైనా అని నా చెవిలో అంది. ఈమెకు దిష్టి లెక్కలేదు అత్తమ్మా, అన్నాను. దీనాబాయి మూడు గ్లాసుల షర్బత్‌తో వచ్చి ఒకటి అత్తమ్మకు తనే అందించింది. అత్తమ్మ గ్లాసు వైపు చూసింది, నేల వైపు చూసింది, కళ్లు మూసుకొని ఒక గుక్క తాగింది.

“సక్కెర తక్కువైంది,” అంది నాతో.

ఏమంటోంది అని దీనాబాయి అడిగింది.

“చాలా బాగుంది అంటోంది,” అన్నాను.

దీనాబాయి తన గ్లాసు కింద పెట్టింది. వంటింట్లోకి వెళ్లి చక్కెర డబ్బా తెచ్చి అత్తమ్మ ముందు పెట్టింది.

“సక్కెర తక్కువ,” అంది, ఇన్ని శుక్రవారాలుగా వింటున్న మా తెలుగులోనే. తర్వాత నా వైపు తిరిగింది. “గడ్డి చాయ. మోరీ లేని ఇల్లు. ఇంకా చెప్పనా?”

అత్తమ్మ రెండు చెంచాల చక్కెర వేసుకొని కలుపుకుంది. నేను తల వంచుకొని, చెక్క గీతలు ఎటు పోతే అటు, మైనం రాస్తూ పోయాను.